విదేశీ టీవీ కార్ల షోని కొరియాకు మార్చడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: హక్కులు కొంటే షో చేతికొచ్చినట్టే.

2011లో ఎక్స్‌టీఎం కేబుల్ చానెల్‌లో మొదలైన 'టాప్ గేర్ కొరియా'కు, బ్రిటన్ కార్ల షో 'టాప్ గేర్' తీసిన బీబీసీ నుంచి అందింది ఫార్మాట్, అంటే షో నమూనా: ముగ్గురు హోస్టులు, ముఖం చూపించని టెస్ట్ డ్రైవర్ స్టిగ్, సెలబ్రిటీ ట్రాక్ చుట్టూ కారు నడిపే ల్యాప్, టైముల బోర్డు. బిగ్ బాస్ తెలుగులోకి వచ్చిందీ ఈ దారినే. స్టిగ్‌కు హెల్మెట్ తొడిగితే చాలు. హోస్టుల వెటకారం అలా రాదు. కొరియా భాషలో వయసును బట్టి పిలుపూ మారుతుంది, క్రియా మారుతుంది. మొదటి సీజన్‌లో 1957లో పుట్టిన కిమ్ గాప్-సూ పక్కన ఇరవై ఏళ్లు చిన్నవాళ్లయిన యోన్ జంగ్-హూన్, కిమ్ జిన్-ప్యో కూర్చున్నారు. పెద్దాయన కారును డొక్కు అని ఏడిపించాలంటే చిన్నవాళ్లు మర్యాద తప్పకుండానే ఏడిపించాలి. నువ్వు-మీరు తేడా తెలిసిన మనకు ఈ ఇబ్బంది విడమరిచి చెప్పక్కర్లేదు.

అపోహ: మైళ్లను కిలోమీటర్లు చేస్తే లెక్కల పని అయిపోతుంది.

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. కారు ఎంత త్వరగా వేగం అందుకుంటుందో బ్రిటన్‌లో 0-60 మైళ్లతో చెబుతారు; 60 మైళ్లంటే గంటకు 96.6 కి.మీ. కొరియా ప్రేక్షకుడు అడిగేది 0-100. మిగిలిన 3.4 కోసం కొన్ని కార్లు ఇంకో గేరు మార్చాలి, అక్కడే సమయం పోతుంది. కాబట్టి గుణించడం కాదు, మళ్లీ కొలవాలి.

మైలేజీలో గ్యాలన్ దెబ్బ కొడుతుంది. బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికాది 3.785. బ్రిటిష్ స్క్రిప్టులోని గ్యాలన్‌కు 30 మైళ్లు లీటరుకు 10.6 కి.మీ. అవుతాయి, అమెరికన్ గ్యాలన్ పట్టుకుంటే 12.8 అని తెర మీద పడుతుంది. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) కూడా అంతే: 300 పౌండ్-ఫుట్ అంటే అక్కడివాళ్లు వాడే కిలోగ్రామ్-మీటర్లలో 41.5.

ఇక ల్యాప్ టైములా? బ్రిటిష్ షో ట్రాక్ ఇంగ్లండ్‌లోని డన్స్‌ఫోల్డ్‌లో ఉండేది. ట్రాక్ మారాక పాత బోర్డుతో పోలికే లేదు, కొత్త బోర్డు సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే.

అపోహ: బ్రిటిష్ షాట్ లిస్టు అలాగే వాడుకోవచ్చు.

కొరియాలో బండి కుడివైపు నడుస్తుంది, స్టీరింగ్ ఎడమవైపు. కారు లోపలి కెమెరాలన్నీ రెండో వైపుకు మార్చి బిగించాలి. బ్రిటిష్ క్లిప్పును అద్దంలోలా ఎడమ-కుడి తిప్పి అతికిస్తే నంబరు ప్లేటు తిరగబడి దొరికిపోతుంది.

అపోహ: కార్ల కంపెనీ స్పాన్సర్ చేస్తే ఖర్చు తీరిపోతుంది.

కార్యక్రమంలో వస్తువును చూపించే పరోక్ష ప్రకటనను కొరియా 2010లో చట్టబద్ధం చేసింది, హద్దులతో. లోగో తెరలో నాలుగో వంతు దాటకూడదు. కొనమని, వాడమని హోస్టు చెప్పకూడదు. ప్రకటన ఉందని మొదలయ్యే ముందే క్యాప్షన్ వేయాలి. డబ్బిచ్చిన కంపెనీ కారునే సమీక్షించారా, హోస్టు తిట్టినా పొగిడినా ఎవరూ నమ్మరు. టైర్లో ఆయిలో స్పాన్సర్‌గా ఉంటే గొడవ తక్కువ. స్పాన్సర్ కాని లోగోలను బ్లర్ చేయడం అక్కడ అలవాటు; స్టీరింగ్ మధ్యలోని గుర్తు, అద్దంలో ప్రతిబింబం ఎడిటింగ్‌లో తప్పించుకునేవి.

అపోహ: జోకులు అనువదిస్తే నవ్వుతారు.

బ్రిటిష్ షోలో సెలబ్రిటీలు నడిపిన చవక కారు 2006 నుంచి షెవర్లే లాసెట్టీ, 2010 నుంచి కియా సీడ్. ఒకటి జీఎం దేవూది, రెండోది కియాది. రెండూ కొరియా కంపెనీలే. బ్రిటన్‌లో నవ్వంతా ఇంత మామూలు కారులో అంత పెద్ద స్టారా అని. సియోల్‌లో అలాంటి కార్లు ప్రతి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనూ ఉంటాయి. అక్కడ నవ్వు కారు మీద కాకుండా మలుపు తప్పిన స్టారు మీద పుట్టేలా ఆ భాగాన్ని మళ్లీ రాయాలి.