99 శాతం కరెక్టట! సౌండ్ అలారాలపై అపోహలు - వాస్తవాలు

స్టేషన్లలో, మాల్స్‌లో ప్రమాద శబ్దాలను పసిగట్టే మైకులు బిగించడం నా పని. ఎక్కడికెళ్లినా ఇదే మాట: "మీ సిస్టమ్ 99 శాతం కరెక్టట కదా, ఇక మోగిందంటే నిజమే!"

అపోహ: 99 శాతం అంటే మోగిన ప్రతి అలారాన్నీ నమ్మొచ్చు.

వాస్తవం: నమ్మలేం. ఆ 99 ల్యాబ్‌లో వచ్చిన మార్కు. టెస్టుకి వాడే క్లిప్పుల్లో తుపాకీ పేలుళ్లు, కేకలు, అద్దం పగిలిన చప్పుళ్లు దండిగా ఉంటాయి. బయట అవి ఎప్పుడో గానీ వినపడవు. లెక్క వేసి చూడండి. మోడల్, అంటే శబ్దాన్ని విని అది ప్రమాదమా కాదా అని తేల్చే ప్రోగ్రామ్, సెకనుకోసారి తీర్పు చెబితే రోజుకు 86,400 తీర్పులు. మామూలు చప్పుళ్లలో నూటికి ఒకదాన్ని ప్రమాదమని పొరబడినా 864 తప్పుడు అలారాలు. అదీ ఒక్క మైకుకే!

ఒక కంట్రోల్ రూమ్‌లో బజర్ మీద మడత పెట్టిన గుడ్డ, దాని మీద టేపు చూశాను. "షట్టర్ దించినా, బెలూన్ పేలినా తుపాకీ అంటుంది సార్, ఏం చెయ్యను?" అన్నాడు ఆపరేటర్. అతన్ని తిట్టబుద్ధి కాలేదు. కానీ నిజంగా తుపాకీ పేలినా ఆ గుడ్డ అక్కడే ఉంటుంది కదా.

అందుకే కొనేముందు శాతాలు అడక్కండి. మా చోట, మైకుకి రోజుకు ఎన్ని తప్పుడు అలారాలు? అదే సెట్టింగ్‌లో నిజమైనవి ఎన్ని జారిపోతాయి? రెండూ కలిపి అడగండి. థ్రెషోల్డ్, అంటే మోడల్‌కి ఎంత నమ్మకం కుదిరితే అలారం మోగాలన్న హద్దు, పెంచి తప్పుడు అలారాలు తగ్గించడం ఎవరికైనా చేతనవును, దాంతోపాటే అసలు కేకలూ పోతాయి. కొన్ని వారాలు మీ చోటి శబ్దాలతోనే మోడల్‌ని సరిచేయాలి. మోగాక మనిషి కెమెరాలో చూసి నిర్ధారించాలి.

అపోహ: మన మాటలన్నీ రికార్డవుతాయి.

ఒక పెద్దావిడ మైకు చూసి ఫోన్ కట్ చేసి, "మా ఇంటి గొడవలు కూడా వింటారా బాబూ?" అని అడిగింది. ఆమె టెన్షన్ నాకు అర్థమైంది. కేకను గుర్తించడానికి మాటలు అర్థం కానక్కర్లేదు. మోడల్ చూసేది స్పెక్ట్రోగ్రామ్‌ని, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఎంతసేపు ఉందన్నదాన్ని. విశ్లేషణంతా పరికరంలోనే జరిపి, అలారం ఒక్కటే బయటికి పంపేలా పెట్టొచ్చు. అయితే అలారానికి ముందూ వెనుకా కొన్ని సెకన్ల ఆడియో దాచే సిస్టమ్‌లూ ఉన్నాయి, వాటిలో మాటలు పడొచ్చు. ఏం దాస్తున్నారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని నిలదీసి అడగండి. "ప్రతి స్తంభం మీ ఫోన్ వింటోంది" అనే వాట్సాప్ ఫార్వర్డుల్ని మాత్రం నా దగ్గరికి తేవొద్దు.

అపోహ: ఎక్కడ జరిగిందో ఇట్టే చెప్పేస్తుంది.

ఒక్క మైకుతో కుదరదు. కొన్ని మైకులకు శబ్దం చేరిన సమయాల్లో తేడా చూడాలి. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. మైకుల గడియారాల్లో 10 మిల్లీసెకన్ల తేడా వస్తే దూరం లెక్క మూడు మీటర్లకు పైగా తప్పుతుంది. గోడల ప్రతిధ్వనులు దీనికి అదనం.

అపోహ: మోగలేదంటే ప్రమాదం లేదు.

కత్తి చప్పుడు చెయ్యదు. గుండెపోటుతో కూలిన మనిషి కేక వెయ్యడు. మైకులొచ్చాయని రాత్రి గార్డుని తీసేస్తామంటే నేను ఒప్పుకోను.