సెకండ్ హ్యాండ్ డోరు, బానెట్: పికప్ ఓనర్ల అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పికప్‌కు పాత డోరు కోసం వచ్చేవాళ్లు ముందు అడిగేది రంగే. "తెల్లది ఉందా?" అంటారు. ఏ సంవత్సరం బండి, డ్రైవర్ సైడా క్లీనర్ సైడా, సింగిల్ క్యాబా డబుల్ క్యాబా అన్నది షాపాయన గుచ్చి గుచ్చి అడిగితే గానీ బయటికి రాదు. టింకరింగ్, పెయింటింగ్ చేసేవాడిగా నేనైతే రంగును చిట్టచివర చూస్తాను.

అపోహ: అదే రంగు ప్యానెల్ (డోరు, బానెట్ లాంటి బాడీ రేకు భాగం) దొరికితే పెయింటింగ్ ఖర్చు మిగిలినట్టే.

వాస్తవం: మిగలదు. తెలుపులోనే కంపెనీకో కోడ్ ఉంటుంది. కోడ్ ఒకటే అయినా, గుంటూరు మిర్చి యార్డు బయట ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ బండి తెలుపు వేరు, షెడ్డులో ఉన్న బండి తెలుపు వేరు. షాపులో ట్యూబులైటు కింద రెండూ ఒకటే అనిపిస్తాయి. బయట ఎండలో ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) పక్కన డోరు పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. సిల్వర్ లాంటి మెటాలిక్ రంగయితే డోరుకు వేసి ఊరుకోవడం కూడా కుదరదు, పక్క ప్యానెల్ మీదికి కొంత కలుపుకుంటూ పోవాలి. ఎలాగూ పెయింట్ తప్పదు కాబట్టి ఎర్ర డోరైనా, నీలం డోరైనా షేపు బాగుంటే తీసుకోండి. రంగు కలవలేదని బేరం కూడా ఆడొచ్చు.

అపోహ: తళతళలాడుతున్న ప్యానెల్ మంచిది.

వాస్తవం: నాకు అనుమానం వచ్చేది దాని మీదే. గీతలు పడి, పాత రంగుతో ఉన్న ప్యానెల్‌లో దాచడానికి ఏమీ ఉండదు. కొత్తగా పెయింట్ కొట్టి పెట్టారంటే కింద ఏముందో చూడాల్సిందే. ఒక గుడ్డను థిన్నర్‌లో ముంచి, కనపడని మూల రుద్దండి. గుడ్డకు రంగు అంటితే అది కంపెనీ పెయింట్ కాదు, పైపైన కొట్టిన చవక పెయింట్. తర్వాత చిన్న అయస్కాంతం తీసుకుని మెల్లగా జరుపుతూ పోండి. లప్పం (సొట్టలు పూడ్చే పుట్టీ) మందంగా పట్టించిన చోట పట్టు సడలుతుంది, బాగా మందమైతే జారి పడిపోతుంది. పెయింట్ మందం కొలిచే మైక్రాన్ మీటరుంటే ఇంకా మంచిది. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. వందల్లో పెరిగిపోతే లప్పమే.

ఇక డోరును తలకిందులు చేయండి. అసలు సంగతి అక్కడే ఉంటుంది. లోపలి రేకు మీదికి బయటి రేకు మడిచిన అంచు చూడండి. ఉబ్బి, రంగు పొక్కులు లేస్తే లోపల తుప్పు తినేసినట్టే. నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయా? లోపలి ప్యాడ్ విప్పించి టార్చి వేయండి. అడ్డంగా బురద చార ఉంటే అది నీళ్లలో మునిగిన బండిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో బెజవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. పికప్ వెనక సరుకు వేసే తొట్టి కొనేవాళ్లు అది ఏం లోడు మోసిందో అడగండి. చేపలు, రొయ్యలు మోసిన తొట్టిలో ఐసు నీళ్లు దిగి ఫ్లోరు కింద క్రాసులు (అడ్డ పట్టీలు) తుప్పు తినేసి ఉంటాయి. పైనుంచి చూస్తే తెలియదు.

అపోహ: మోడల్ పేరు ఒకటైతే ఏ సంవత్సరం పార్టైనా కూర్చుంటుంది.

వాస్తవం: బండికి ఫేస్ మార్చినప్పుడు బానెట్, ఫెండర్, గ్రిల్, బంపర్ ఒక సెట్‌గా మారుతుంటాయి. హెడ్‌లైట్ షేపు మారిందంటే ఫెండర్ కటింగ్ కూడా మారినట్టే. డోర్లు మాత్రం చాలాసార్లు పాతవే కొనసాగుతాయి, అయితే సైడ్ మిర్రర్ బిగించే చోటు, పవర్ విండో వైరింగ్ కప్లరు తేడా ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ తేదీ చూసి సంవత్సరం చెప్పకండి. తయారైన నెల, సంవత్సరం ఆర్సీలో ఉంటాయి, అవి చెప్పండి. పాత ప్యానెల్ విప్పి వెంట తెచ్చుకుంటే గొడవే లేదు. రెండూ పక్కపక్కన పెట్టి హింజ్ బోల్టు రంధ్రాల మధ్య దూరం టేపుతో కొలవండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది, కొత్తది వేయిస్తే మన జేబులోంచి ఏమీ పోదు.

వాస్తవం: జీరో డిప్ (తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేని పాలసీలో రేకు భాగాలకు తరుగు కోస్తారు. మూడు దాటి నాలుగేళ్లలోపు బండికి 25 శాతం, అయిదు దాటి పదేళ్లలోపు 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. ప్లాస్టిక్ బంపర్‌కు బండి వయసుతో పని లేకుండా 50. పైగా క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పోతుంది. ఏడేళ్ల బండికి ఒక్క డోరు కోసం క్లెయిమ్ వేసేముందు కాగితం మీద లెక్క వేసుకోండి.

పాత పార్టుకు బిల్లెందుకు అనేవాళ్లూ ఉన్నారు. దొంగ బండి విప్పిన సరుకని తేలితే, తెలిసే కొన్నారన్న అనుమానం మీ మీదికీ వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ దొంగ సొత్తు గురించే. తుక్కు చేసిన బండి నంబరు రాయించి బిల్లు తీసుకోండి.

బోల్టులతో బిగించే డోరు, బానెట్, ఫెండర్ వరకు పాతవి నిశ్చింతగా వాడొచ్చు. వెల్డింగ్‌తో అతికే టాప్, పిల్లర్ల జోలికి పోవద్దంటాను. పాత బండి నుంచి వాటిని కోసే గ్యాస్ కట్టర్ వేడికి అంచు రేకు వంకర పోతుంది, మళ్లీ సరిచేసే కూలి కొత్త రేకు ధరను మించిపోతుంది.

పాత డోరును అక్కడే తుక్కుకు వేసి రాకండి. అందులోని లాక్ బ్యారెల్ తీసి కొత్తగా తెచ్చిన డోరుకు వేయిస్తే రెండు తాళంచెవులు మోయక్కర్లేదు. అద్దం ఎక్కించి దించే గ్లాస్ మిషన్ కూడా విప్పి ఉంచుకోండి, మళ్లీ కావాలంటే విడిగా కొనాలి.