పూసా సమావేశాలు: ఒక కీటకశాస్త్ర సంఘానికి పూర్వరంగం

భారత కీటకశాస్త్ర సంఘం 1938లో ఏర్పడింది. దాని పత్రిక మరుసటి ఏడాది మొదలైంది. కానీ సంఘం చేయవలసిన పని అంతకు ఇరవై ఏళ్ల ముందే బీహార్‌లోని పూసాలో జరుగుతూ వచ్చింది.

అమెరికా సంపన్నుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళంతో 1905లో పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ వెలసింది. అక్కడ ఇంపీరియల్ ఎంటమాలజిస్టుగా (బ్రిటిష్ ఇండియా ప్రభుత్వపు ప్రధాన కీటకశాస్త్రవేత్తగా) లెఫ్రాయ్ అనే ఆంగ్లేయుడి తరువాత వచ్చిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ అంతకుముందు బ్రిటిష్ నౌకాదళంలో జీతభత్యాల లెక్కలు చూసిన ఉద్యోగి. ఆయన 1915 నుంచి వివిధ రాష్ట్రాల కీటక నిపుణులను పూసాకు రప్పించి సమావేశాలు జరిపించాడు. 1919 నాటి మూడవ సమావేశపు నివేదిక ఏకంగా మూడు సంపుటాలైంది. అందులో పంటల చీడపురుగుల సవివర జాబితా ఒకటి ఉంది.

అటువంటి జాబితా తయారుచేయడం తేలిక కాదు. వరి కాండాన్ని తొలిచే పురుగునే చూడండి. పైరులో తెల్లకంకి (గింజ పట్టక తెల్లబడిన కంకి) కనిపించేసరికి గొంగళిపురుగు దుబ్బు లోపల ఉంటుంది కనుక పైకి అది కనిపించదు. దానిని కాండంతో సహా తెచ్చి, రెక్కల పురుగు వెలువడేదాకా పెంచితేనే అది ఏ జాతిదో తేలుతుంది. ఆడదాని ముందు రెక్కలు పసుపు రంగులో, ఒక్కొక్కదానిపై ఒక నల్లచుక్కతో ఉంటాయి. మగది చిన్నది, మసక రంగుది. రెంటినీ విడివిడిగా చూసినవారు వేరు జాతులనుకుంటే తప్పుపట్టలేము. ఒకచోట పెంచి చూసిన దానిని మరొకచోటి అనుభవంతో సరిపోల్చడానికే అందరూ ఒకచోట కూర్చోవలసి వచ్చింది.

నివేదికల అట్టలపై ఫ్లెచర్ పేరు ప్రముఖంగా కనిపించినా, పొలాల వెంట తిరిగి పురుగులను పెంచిన శ్రమలో పెద్ద వాటా భారతీయ సహాయకులదేనని నా అభిప్రాయం. పూసాలో సి.సి. ఘోష్, మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ కళాశాల ఉన్న కోయంబత్తూరులో టి.వి. రామకృష్ణ అయ్యర్ అటువంటివారు. నాటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి కనుక మన పైర్ల చీడలూ కోయంబత్తూరు పరిశీలనలోకే వచ్చేవి. అక్కడ పనిచేసిన వై. రామచంద్రరావు ఆ తరువాత ఎడారి మిడతల పరిశోధనకు పేరుపొందారు.

1934 జనవరి 15 నాటి భూకంపం పూసా భవనాలను బాగా దెబ్బతీయడంతో 1936లో సంస్థ ఢిల్లీకి తరలింది. అప్పటికి ఇంపీరియల్ ఎంటమాలజిస్టు పదవిలో హేమ్ సింగ్ ప్రూతీ అనే భారతీయుడే ఉన్నాడు. పూసా సమావేశాలకు ప్రభుత్వం పిలిస్తేనే వెళ్లాలి. సంస్థ ఢిల్లీకి తరలిన రెండేళ్ల తరువాత ఏర్పడిన కీటకశాస్త్ర సంఘం మాత్రం సభ్యులతో, తన సొంత పత్రికతో నడిచింది.