ఒంటికి ఊకె వస్తోందని నీళ్ళు మానేయకండి

హనుమకొండలో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. మోకాళ్ళ నొప్పులకని వచ్చినవాళ్ళు లేచి, చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి "ఇంకోటి అడగొచ్చా మేడం?" అంటారు. ఆ ఇంకోటి చాలాసార్లు మూత్రం సంగతే. అప్పటికే రెండు మూడేళ్ళుగా ఇబ్బంది పడుతూ ఉంటారు. ఆ తలుపు దగ్గర మాటల్లో పదే పదే వినబడే అపోహలివి.

అపోహ: నీళ్ళు తగ్గిస్తే మూత్రం తగ్గుతుంది

ఎక్కువ నష్టం చేసేది ఇదే. హైదరాబాద్ బస్సు ఎక్కాలంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు ముట్టని ఆడవాళ్ళున్నారు. ఉప్పల్‌లో దిగేదాకా నాలుక పిడచకట్టుకుపోయినా సరే. మిరపకాయ ఏరే కూలీలకు చేనులో చాటు దొరకదు, పొద్దు గూకేదాకా బిగబట్టుకోవడమే. వాళ్ళని నేను తప్పు పట్టను. మరుగు లేని చోట ఎవరైనా చేసేది అదే.

కానీ నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. ఆ చిక్కటి మూత్రం మూత్రాశయాన్ని చికాకు పెట్టి, సగం నిండకముందే తొందర చేయొచ్చు. ఇన్ఫెక్షన్లకూ రాళ్ళకూ కూడా దారి అదే. పదే పదే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్ళు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళ మీద జరిగిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. రోజూ అదనంగా ఒకటిన్నర లీటర్లు తాగినవాళ్ళకు ఏడాదిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే నీళ్ళు సరిపోయినట్టే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కనే పాటించాలి.

అపోహ: ఎక్కువ సార్లు వెళ్తున్నామంటే షుగరే

కావచ్చు, కాకపోవచ్చు. పగలు ఏడెనిమిది సార్లు, రాత్రి ఒకసారి వెళ్ళడం మామూలే. అంతకు మించితే ముందు నేను అడిగేది మందుల చీటీ కాదు, మూడు రోజుల లెక్క. ఒక ప్లాస్టిక్ కొలత మగ్గు కొనుక్కుని, ఎన్ని గంటలకు ఎంత పోసిందీ, ఏం తాగిందీ రాసుకురమ్మంటాను. ఒక పెద్దమ్మ "నాకు సదువు రాదు బిడ్డా" అంటూనే క్యాలెండర్ వెనక బొగ్గుతో గీతలు గీసి తెచ్చింది, చిన్నసారికి చిన్న గీత, పెద్దసారికి పెద్ద గీత. నాకు అది చాలు.

ఆ లెక్కలో సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. ప్రతిసారీ 300, 400 మిల్లీలీటర్లు వచ్చి, రోజు మొత్తం 3 లీటర్లు దాటితే వెంటనే షుగర్ పరీక్ష చేయించాలి. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్ని ఆపలేవు. అది మూత్రంలోకి జారుతూ నీళ్ళను కూడా వెంట లాక్కుపోతుంది. ప్రతిసారీ వంద మిల్లీలీటర్లే వస్తూ, మొత్తం మాత్రం మామూలుగా ఉంటే మూత్రాశయానికి తొందర ఎక్కువైందన్నమాట. ఇక పగలంతా బాగానే ఉండి రాత్రి మాత్రం నిండు మగ్గులు వస్తుంటే, నేను ముందు పాదాల వాపు చూస్తాను. పగలు కాళ్ళలో చేరిన నీరు మనం పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా దిగుతుంది. ఆమ్లోడిపిన్ లాంటి బీపీ గోళీలతో కూడా కొందరికి ఈ వాపు వస్తుంది. గోళీ సొంతంగా ఆపొద్దు, రాసిన డాక్టరుకు చెప్పండి. సాయంత్రం ఓ గంట కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుంటే రాత్రి లేచే బాధ కొంత తగ్గుతుంది. గట్టిగా గురక పెట్టేవాళ్ళకు నిద్రలో ఊపిరి ఆగుతుండటం వల్ల కూడా ఇలా అవ్వొచ్చు. ఆ సంగతి భార్యలు చెప్తే తప్ప బయటపడదు.

అపోహ: వచ్చినా రాకున్నా ముందే వెళ్ళొస్తే మంచిది

దూర ప్రయాణానికి ముందు ఒకసారి సరే. కానీ బజారుకు పోయేముందు, పూజకు కూర్చునేముందు, బతుకమ్మ ఆడబోయేముందు, మళ్ళీ వచ్చాక... ఇలా అరగంటకోసారి ఖాళీ చేస్తుంటే మూత్రాశయం ఆ కొద్దిపాటికే అలవాటు పడుతుంది. ఆఖరికి ఇంటి తాళం తిప్పుతుంటేనే ఆగని స్థితి వస్తుంది. నవ్వకండి, ఇది చాలా మందికుంది.

అలవాటైనదాన్ని మళ్ళీ మార్చొచ్చు. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకండి. ఉన్నచోటే ఆగి, కూర్చుని, గ్యాసు బయటికి పోకుండా బిగబట్టే కండరాలను ఐదారుసార్లు గబగబా బిగించి వదలండి. తొందర అలలా లేచి కాస్సేపటికి తగ్గుతుంది. తగ్గాక నిదానంగా నడిచి వెళ్ళండి. గంటకోసారి వెళ్ళేవాళ్ళు వారం పాటు గంటం పావు, తర్వాత గంటన్నర, ఇలా పావు గంట చొప్పున పెంచుకోవాలి. ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే విసిగి మానేసేవాళ్ళే ఎక్కువ. రోజుకు ఐదారు చాయ్‌లు తాగుతూ గోళీలు పని చేయట్లేదనేవాళ్ళతో నాకు రోజూ వాదనే. చాయ్‌లోని కెఫీన్ తొందరను పెంచుతుంది. మలబద్ధకం కూడా అంతే.

అపోహ: మంట అంటే వేడి చేసిందంతే

బార్లీ నీళ్ళు తాగండి, నీరు కాబట్టి మేలే. ఇన్ఫెక్షన్‌ను మాత్రం అవి నయం చేయవు. మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మెడికల్ షాపులో అడిగి రెండు రోజుల యాంటీబయాటిక్ వేసుకోవద్దు. ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు మూత్రం ఇవ్వాల్సింది మందు మొదలుపెట్టకముందే.

అపోహ: వయసైతే ఇంతే

ఆడవాళ్ళకు కాన్పుల తర్వాత తుమ్మినా దగ్గినా చుక్కలు పడుతుంటే, అది భరించాల్సిన ఖర్మ కాదు. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే దీనికి వ్యాయామం రాశాడు. పైన చెప్పిన కండరాలే. పూటకు పదిసార్లు, మూడు పూటలా, కనీసం మూడు నెలలు చేయాలి. మూత్రం మధ్యలో ఆపుతూ దీన్ని సాధన చేయకూడదు.

మగవాళ్ళలో 50 దాటాక, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ధార సన్నబడొచ్చు. దానికి మందులున్నాయి. ప్రోస్టేట్ పెరిగిన పెద్దమనుషులు జలుబు గోళీలు డాక్టరును అడిగే వేసుకోండి. కొన్నిటితో మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది.

అపోహ: నొప్పి లేదు కాబట్టి భయం లేదు

బీడీ తాగేవాళ్ళ నోట ఎక్కువ వింటాను. మూత్రంలో ఎర్రగా ఒకసారి కనబడి ఆగిపోతుంది, వేడి అనుకుంటారు. మూత్రాశయ క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం పొగ తాగడమే, మొదట్లో అది తరచుగా నొప్పి లేకుండానే రక్తం చూపిస్తుంది. ఒక్కసారి కనబడినా ఆ వారంలోనే యూరాలజిస్టు, అంటే మూత్ర సంబంధ జబ్బుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నా దగ్గరికి కాదు.