టూరిన్ నారబట్ట: అపోహలు, వాస్తవాలు

పాత బట్టలను శుభ్రం చేసి, చివికిపోకుండా భద్రపరచడం నా పని. రోజంతా భూతద్దం కింద పడుగూ పేకా చూస్తూ ఉంటాను. శ్రమ దినాలు (ఈస్టర్‌కు ముందు రోజులు) వచ్చాయంటే సంఘంలో తెలిసినవాళ్లు ఫోన్‌కి ఒక ముఖం పంపిస్తారు. అది ఇటలీలోని టూరిన్‌లో ఉన్న నారబట్ట మీది ముఖం. యేసు దేహాన్ని సమాధిలో చుట్టిన బట్ట అదేనని చాలామంది నమ్ముతారు. మూసిన కళ్లు, గడ్డం, నుదుటి మీద నెత్తుటి చార. "బ్రదర్, మీరు బట్టల పనిలోనే ఉన్నారుగా, ఇది నిజమేనా?" అని అడుగుతారు. నేనూ ప్రభువును నమ్ముకున్నవాణ్ణే. అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

అపోహ: ఫోన్‌లో వచ్చే ఆ ముఖం బట్ట మీద అలాగే ఉంటుంది.

ఉండదు. మీరు చూసేది ఫోటో నెగెటివ్. 1898లో సెకండో పియా అనే ఇటలీ ఆయన ఫోటో తీసి ప్లేటు కడిగితే ముఖం అలా తేలింది. అసలు బట్ట సుమారు 4.4 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు. దాని మీద మనిషి ముందు వైపూ వెనుక వైపూ లేత ఎండుగడ్డి రంగులో, చాలా పలచగా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆకారం కళ్లకు అందదు. ఆ రంగు కూడా దారం లోపలికి దిగలేదు, పైపై పీచులకే అంటుకుంది.

అపోహ: 1988లో వయసు తేల్చే కార్బన్ పరీక్షకు తీసింది రఫూ చేసిన ముక్క, అందుకే తేదీ తప్పింది.

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఆ ఏడాది ఏప్రిల్‌లో బట్ట మూలలో ఒక చిన్న పట్టీ కోసి ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్, ఆరిజోనా ల్యాబులకు పంచారు. ఈ బట్టకు నార ఇచ్చే అవిసె మొక్కను నేలలోంచి పీకిన నాటి నుంచి దాని నారలో కార్బన్-14 తరుగుతూనే ఉంటుంది. ఎంత మిగిలిందో కొలిస్తే మొక్క ఎప్పటిదో తెలుస్తుంది. మూడు ల్యాబులు కలిపి తేల్చింది 1260 నుంచి 1390 మధ్య. వయసు ముందే తెలిసిన పాత బట్టల ముక్కలను కూడా వాటితోపాటే పరీక్షించారు. ఈజిప్టు మమ్మీ నారబట్ట ఒకటి, నూబియా సమాధిలోది ఇంకొకటి, ఫ్రాన్స్‌లో ఒక పాత మతవస్త్రం దారాలు మరొకటి. వాటి తేదీలు సరిగ్గానే వచ్చాయి.

ఇక రఫూ సంగతి. ఎంత చేయి తిరిగిన పనివాడు రఫూ చేసినా ముందు వైపే కళ్లను మోసం చేయగలడు. బట్ట తిరగేస్తే దారం కొసలు, పేక దారి మారిన చోటు భూతద్దానికి దొరికిపోతాయి. 2002లో పాత బట్టల నిపుణురాలు మెక్‌టిల్డ్ ఫ్లూరీ-లెంబర్గ్ ఈ బట్ట అడుగున కుట్టిన అస్తరు విప్పి వెనుక వైపు చూశారు. ఈ నేతలోగానీ కుట్టులోగానీ ఒకటో శతాబ్దానికి పొసగనిది ఏదీ లేదన్నది కూడా ఆవిడే. అలాంటి ఆవిడే ఆ మూలలో రఫూ లేదన్నారు. ఆరిజోనా ల్యాబులో మిగిలిన ముక్కను 2010లో మళ్లీ చూసినా అదే తేలింది. పైగా లెక్క కూడా కుదరదు. ఒకటో శతాబ్దపు బట్టకు పదహారో శతాబ్దపు దారం కలిసి పద్నాలుగో శతాబ్దపు తేదీ రావాలంటే, ఆ ముక్కలో నాలుగింట మూడొంతులకు పైగా కొత్త దారమే ఉండాలి. అంత కొత్త దారం కంటపడకుండా ఉండదు.

1532లో, బట్ట అప్పుడు ఉన్న షాంబెరీ ఊళ్లో మంటలు అంటుకుని బట్ట కాలిన మాట నిజమే. మసి పట్టడం వల్ల తేదీ మారిందనే వాదనకూ ఇదే లెక్క అడ్డం వస్తుంది.

అపోహ: ఈ నేత ఒకటో శతాబ్దపు యెరూషలేముదే.

ఇది చేపముల్లు నేత, అంటే ట్విల్ అనే ఏటవాలు గీతల నేతలో ఒక రకం. పేక మూడు పడుగుల కింద దూరి ఒకదాని మీదికి వస్తుంది. మగ్గం మీద ఎక్కువ పని, ఖరీదైన పని. నారబట్టలో ఇలాంటి నేత ఆ కాలపు యెరూషలేములో దొరకలేదు. అక్కడి అకెల్దమ సమాధిలో దొరికిన ఒకటో శతాబ్దపు శవవస్త్రం సాదా నేతది. ఒక్క సమాధి చూసి ఊరంతా అలాగే నేశారని అనలేం. కానీ నేతను సాక్ష్యంగా పిలిస్తే అది ఆ వైపు సాక్ష్యం చెప్పదు.

అపోహ: అసలైనదని పోపుగారు ప్రకటించారు.

లేదు. ఈ బట్ట గురించి గట్టి ఆధారాలు ఫ్రాన్స్‌లోని లిరే ఊళ్లో, 1350ల నుంచే మొదలవుతాయి. 1389లో ట్రువా బిషప్ పియెర్ దార్సీ ఇది మనిషి గీసినదని ఫిర్యాదు రాశాడు. 1998లో టూరిన్‌కు వచ్చిన పోపు రెండో జాన్ పాల్ దీన్ని సువార్తకు అద్దం అన్నారు. వయసు తేల్చే పని మాత్రం శాస్త్రవేత్తలకు వదిలారు.

అపోహ: కార్బన్ పరీక్షతో అంతా తేలిపోయింది.

తేలింది నార వయసు. నాకు ఆ తేదీ మీద నమ్మకం ఉంది. కానీ ఆ బొమ్మ బట్ట మీదికి ఎలా ఎక్కిందో అందరూ ఒప్పుకునే జవాబు ఇంకా లేదు. 1978లో ఐదు రోజులు బట్ట దగ్గరే కూర్చుని పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్తల బృందం రంగు పూతతో వేసింది కాదంది. వాళ్ల నమూనాలే చూసిన మైక్రోస్కోపు నిపుణుడు వాల్టర్ మెక్రోన్ రంగేనన్నాడు. ఇంకో లోపం కూడా ఉంది. మూడు ల్యాబుల ముక్కలూ ఒకే మూలవి, వాటి అంకెలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవలేదు. 2019లో ఆ ల్యాబుల అసలు అంకెలతో లెక్కలు మళ్లీ వేసినవాళ్లు ఎత్తిచూపింది ఇదే. ఆ తేడా సుమారు వందేళ్లదే తప్ప పదమూడు శతాబ్దాలది కాదు. అయినా వంద ముక్కలు చూసిన చేతితో చెబుతున్నాను, ఒక బట్ట వయసును ఒక్క మూలతో ముగించడం మంచి పద్ధతి కాదు. 2002లో కాలిన రంధ్రాల అంచుల నుంచి తీసిన మాడిన నార ఉంది. దాన్ని పరీక్షిస్తే బట్టను ఒక్క దారం కూడా కోయనక్కర్లేదు. ఆ పరీక్షకు అనుమతి వస్తే బాగుండునని నా కోరిక.