కత్తి అంచున దోసె

వరంగల్ నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. వాళ్ళ తాతగారి నాటి వేటకత్తి ఇంట్లో ఉందట. అడుగు పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక దానికి వేట తప్పింది, ఇప్పుడు పనసకాయలు కోస్తోంది. ఆయన బాధ ఇది: "గంటసేపు నూరుతానండీ. కాగితం సర్రున తెగుతుంది. రెండు కాయలు కోసేసరికి మళ్ళీ మొద్దు. ఉక్కు మంచిది కాదంటారా?"

ఉక్కుకేం ఢోకా లేదు, ముందు దోసె సంగతి వినండి అన్నాను.

పెనం మీద దోసె నడుమ మందంగా ఉన్నచోట బుద్ధిగా పడి ఉంటుంది. పిండి పలచబడ్డ అంచు మాత్రం పైకి లేచి ముడుచుకుంటుంది. దాన్ని అణిచిపట్టే బరువు వెనకాల లేదు మరి. కత్తిని ఒకే పక్క నూరుతూ పోతే వాదరకు, అంటే కోసే అంచుకు, పట్టే గతీ ఇదే. రెండు పక్కల నూరిన వాలులూ కలిసే చోట ఉక్కు కొద్ది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన మిగులుతుంది. మన వెంట్రుకే సుమారు 70 మైక్రాన్లు! అంత పలచని ఉక్కు, రాయి గీకబోతే రజనుగా రాలదు, అవతలికి వంగిపోతుంది. లేత్ పనివాళ్ళు దీన్ని బర్ అంటారు. కత్తి తిప్పి నూరితే బర్ ఇటు వస్తుంది, మళ్ళీ తిప్పితే అటు పోతుంది. మా పాఠకుడు గంటసేపు చేసింది ఈ దోసెను తిరగేయడమే. అదృష్టం బాగుండి బర్ నిటారుగా నిలిస్తే కాగితమేం ఖర్మ, మీసం కూడా గొరుగుతుంది. పనసతొక్క తగలగానే మడతపడుతుంది. ఆపైన కోసేదంతా ఆ మడత వీపుతోనే.

ఆ మడతతో ఎంత నష్టమో లెక్కేద్దాం. వాదర మందం ఒక మైక్రాన్, కాయకు ఆనే పొడవు ఒక సెంటీమీటరు, చేతి బరువు ఒక కిలో అనుకోండి. కాయ మీద పడే పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 10,000 రెట్లు. మందం 10 మైక్రాన్లయిందా, అది వెయ్యి రెట్లకు పడిపోతుంది.

అలాగని బర్‌ను తిట్టుకోకండి. రాయి వాదర దాకా చేరిందనడానికి అదే సాక్ష్యం. ముందు రప్పించాలి, తర్వాత వదిలించాలి. బొటనవేలి కండను వెన్ను వైపు నుంచి వాదర బయటికి మెల్లగా జార్చండి (వాదర వెంబడి మాత్రం వద్దు, ఆస్పత్రి ఖర్చు). గరుకుగా తగిలిందా, వచ్చినట్టే. పొడవంతా తగిలేదాకా రెండో పక్కకు తిప్పొద్దు. తర్వాత ఒత్తిడి తగ్గిస్తూ ఇటొక గీత, అటొక గీత. చివరి గీతలకు కత్తి బరువే చాలు. ఆఖర్న పాత తోలుబెల్టు లోపలి వైపు, వెన్ను ముందుండేలా లాగండి. వాదర మీద దూది జార్చి చూడండి. పోగు పట్టుకుందంటే బర్ ఇంకా ఉంది.

నూరే కోణం ఒక్కో పక్కకు 20 డిగ్రీలు. ఈ వెడల్పు కత్తికి వెన్ను నడిమి గీత రాయికి 14 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. వాలు మీద మార్కర్ పూసి నూరితే, రాయి ఎక్కడ తగులుతోందో చెరిగిన రంగే చెబుతుంది.

సాన చక్రం జోలికి మాత్రం పోవద్దన్నాను. మా ఇంటి కత్తి ఒకటి ఓసారి అలా నిప్పురవ్వలు చిమ్మి వాదర నీలం తిరిగింది. నీలం అంటే 300 డిగ్రీల వేడి దాకా పోయి, ఉక్కు మెత్తబడిందన్నమాట.

రాయి గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. బజారులో దొరికే నల్లటి కార్బొరండం రాయికి ఆ పేరు పెట్టినవాడు అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్. 1891లో విద్యుత్ కొలిమిలో మట్టినీ కోక్ బొగ్గునూ కాలిస్తే మెరిసే గట్టి స్ఫటికాలొచ్చాయి. కార్బన్, కోరండం అనే గట్టి ఖనిజం కలిసాయనుకున్నాడు. నిజానికది సిలికాన్ కార్బైడ్. ఆ కోరండం ఎక్కడిదనుకున్నారు? తమిళుల కురుందం, మన కురువిందం! కెమిస్ట్రీ క్లాసులో ఈ మాట ఒక్కరైనా చెప్పరేం?

అన్నట్టు, దసరా ఆయుధపూజలో అద్దిన తడి కుంకుమ వారంపాటు వాదర మీదే ఉంచేవాళ్ళకు తుప్పే ప్రసాదం. పూజ కాగానే తుడిచి కొబ్బరినూనె రాయండి.

మూడో రోజు మళ్ళీ ఫోన్. "అంతటా బర్ వచ్చిందండీ, మొన దగ్గర రెండంగుళాలు మాత్రం రావట్లేదు." అక్కడ వాదర వంపు తిరుగుతుంది. చెయ్యి ఎప్పట్లా సాగితే రాయి వాదరను వదిలేసి పైనున్న వాలును అరగదీస్తుంది. వంపు మొదలయ్యే చోట పిడి కాస్త ఎత్తమన్నాను. ఫోన్ పక్కన పెట్టి నూరుతున్న చప్పుడు. కాసేపటికి, "ఆ... తగుల్తోంది, తగుల్తోంది!"