పీఎల్‌ నంబరు: రోజుల లెక్కా, ఒంటి లెక్కా?

వేసవి రొయ్యల పంటకు చెరువులు కట్టే రోజుల్లో ఏటా లేచే గొడవ మళ్లీ లేచింది. రొయ్య పిల్లలను పుట్టించి అమ్మే హేచరీ చీటీ మీద పీఎల్‌10 అని ఉంటుంది. పీఎల్‌ అంటే పోస్ట్‌లార్వా, లార్వా దశలు దాటిన పిల్ల. గట్టు మీద సంచి విప్పిన రైతు ఇది ఎనిమిది కూడా ఉండదంటాడు. హేచరీ వాళ్లు రిజిస్టర్‌ తెరిచి తేదీ చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు, చిక్కంతా అక్కడే.

ఏటి మొగల్లో వల లాగి సీడ్‌ (రొయ్య పిల్లలు) పట్టిన రోజుల గురించి ముందు ఒక మాట చెప్పాలి. తెల్లని బేసిన్‌లో రకరకాల పిల్లలు కలిసి ఈదుతుంటే, పొట్ట కింద పొడవునా ఎర్రగోధుమ గీత ఉన్నదాన్ని టైగర్‌ రొయ్యగా ఏరేవారు. గుర్తుపట్టడానికి వాళ్లు ఒంటినే చూశారు, నంబరును కాదు.

హేచరీలో మొదటి పది రోజులూ ఆ పద్ధతే. గుడ్డు నుంచి వచ్చే మొదటి దశ నాప్లీ. ఇప్పుడు ఎక్కువగా పెంచే వెనామీ రొయ్యలో దానికి 5 మెట్లు, టైగర్‌లో 6. మేత తినదు, ఒంట్లోని పచ్చసొనతోనే బతుకుతుంది. ఆ తర్వాతి దశ జోయా, 3 మెట్లు: ఒకటో జోయాకు కళ్లకు కాడలుండవు, రెండోదానికి కాడలూ ముక్కు ముల్లూ వస్తాయి, మూడోదానికి తోక రెక్కలు వస్తాయి. పీఎల్‌ కాకముందు ఆఖరి దశ మైసిస్‌, 3 మెట్లు: తల కిందికి వేలాడేసి వెనక్కి ఎగురుతూ ఈదుతుంది. ప్రతి మెట్టుకూ ఒక కుబుసం, ఒక అవయవం. ఇక్కడ అబద్ధం చెప్పడం కష్టం, మైక్రోస్కోప్‌ కింద పెడితే తేలిపోతుంది.

పీఎల్‌ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. పీఎల్‌10 అంటే పదో మెట్టు కాదు, పీఎల్‌ అయ్యాక గడిచిన పది రోజులు. పైగా లీటరుకు 100 నుంచి 200 నాప్లీలు వేసిన ట్యాంకులో అన్నీ ఒకే రాత్రి పీఎల్‌ కావు, ఒకటి రెండు రోజులు పడుతుంది. ముందు మారినవి కనిపించిన రోజునే ఒకటిగా రాసుకుంటే, వెనకబడ్డవి పుట్టుకతోనే రెండు రోజులు అప్పులో ఉంటాయి. ఆర్టీమియా మేత తగ్గినా, నీళ్లు చల్లబడినా ఆ అప్పు పెరుగుతుందే గానీ తీరదు. తేదీ మాత్రం ఆగదు.

ఈ తేడా టైగర్‌ రోజుల్లోనూ ఉంది, కానీ నొప్పి తెలియలేదు. అప్పట్లో పీఎల్‌15, 20 దాకా పెంచి ఇచ్చేవారు. రెండు రోజులు అటూ ఇటూ అయినా మొప్పలు ఎప్పుడో తయారై ఉండేవి. 2009లో వెనామీకి అనుమతి వచ్చింది. ట్యాంకులు త్వరగా ఖాళీ కావాలన్న తొందరలో అమ్మకం పీఎల్‌10 చుట్టూ స్థిరపడింది. మొప్పల్లో కొమ్మలు విచ్చుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే. సంచి మీది ఆ ఒక్క అంకె మీద ఇప్పుడు ఇంత గొడవ అవుతున్నదంటే అసలు కారణం ఇదే. వైట్‌స్పాట్‌ వైరస్‌ జబ్బు భయం, ధరల పోటీ ఆ తర్వాతే.

భీమవరం వైపు చెరువుల్లో ఉప్పు తక్కువ. హేచరీలో సుమారు 30 పీపీటీ (వెయ్యి పాళ్లకు 30 పాళ్ల ఉప్పు) నీళ్లలో పెరిగిన పిల్లను 5కు దించాలంటే ఆ భారం మొయ్యాల్సింది మొప్పలే. కొమ్మలు రాని పిల్ల సంచిలో చురుగ్గానే ఉంటుంది, మొదటి రెండు రోజుల్లో అడుగున చేరి చస్తుంది. పైకి తేలదు కాబట్టి రైతుకు తెలిసేది నెల తర్వాత, మేత ఎంత తిన్నాయో చూసే చెక్‌ట్రేలో మేత మిగిలినప్పుడు.

రైతులే తొందరపెట్టి ముందుగా ప్యాకింగ్‌ చేయించుకుంటారని హేచరీల వాదన. అందులోనూ నిజం ఉంది. కానీ మైక్రోస్కోప్‌ ఉన్నది వాళ్ల దగ్గరే.

చూడాల్సింది పెద్ద పనేం కాదు. ట్యాంకులో నాలుగైదు చోట్ల, అడుగు నుంచి కూడా, కనీసం 20 పిల్లలను తీయాలి. లైటు కింద పైకి వచ్చేవి గట్టి పిల్లలు. వాటినే ముంచి తీస్తే ట్యాంకంతా బాగున్నట్టే కనిపిస్తుంది. బతికున్న పిల్లను స్లైడు మీద పక్కకు పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉంటే ముక్కు ముల్లు మీది పళ్లు కనపడవు, చచ్చినదైతే ఒళ్లు తెల్లబడి పేగు కనపడదు. తల పెంకు అంచు కింద మొప్ప నున్నటి వేలులా ఉంటే ఇంకా ఆగాలి, చెట్టు కొమ్మలా చీలి ఉంటే పర్వాలేదు. తోక వైపు ఆఖరి కణుపులో కండ, పేగుకు నాలుగింతలు ఉండాలి. పొడవుల్లో తేడా 15 శాతం లోపు ఉండాలి. ఆ తర్వాత 100 పిల్లలను మంచినీళ్లలో అరగంట ఉంచి, తిరిగి ట్యాంకు నీళ్లలో అరగంట ఉంచాలి. 75కు పైగా బతికితేనే ప్యాకింగ్‌.

ఆంధ్రప్రదేశ్‌లో ఆక్వా సీడ్‌ నాణ్యతకు 2006లోనే చట్టం వచ్చింది. అయినా కొనేచోట రైతు చేతికి వచ్చే కాగితం ఎక్కువగా జబ్బు క్రిములను పట్టే పీసీఆర్‌ పరీక్ష రిపోర్టే. అందులో వైట్‌స్పాట్‌, ఈహెచ్‌పీ జబ్బులు ఉన్నాయో లేదో ఉంటుంది. మొప్పల గురించి ఒక్క ముక్కా ఉండదు. ఆ కాగితం మీదే ఇంకో గడి గీసి, ఎన్ని పిల్లల్లో మొప్పలు చీలాయో రాసి, చూసినవారు సంతకం పెడితే గట్టు మీద తేదీల గురించి వాదించే పని ఉండదు.